నలభై ఏడుకి స్నానం

ఫిబ్రవరి 9, సోమవారం

ఈ ఉదయం ఏడుంబావుకి డెయిరీలో పెద్ద ట్యాంకు కుళాయి తిప్పి పాలన్నీ మోరీలోకి వదిలేశారు. నిన్న సాయంత్రం పితికినవి, ఈ ఉదయం పితికినవి, అన్నీ. మోరీ చాలాసేపు తెల్లగా పారింది. వెనకే గొట్టంతో నీళ్ళు కొట్టింది నేను.

కారణం: మందు ఎక్కించిన ఆవు పాలు ట్యాంకులో కలిశాయి. ఆవు నంబరు నలభై ఏడు. బాధ్యులెవరన్నది విచారణలో ఉంది.

పదకొండేళ్ళు కోర్టు వార్తలు రాసిన చెయ్యి ఇది. పత్రిక మూతపడింది కానీ చెయ్యి అలవాటు మానలేదు.

విషయం బయటపెట్టింది పాల లారీ డ్రైవరు. ట్యాంకులోంచి గరిటెడు పాలు తీసి, వేలెడంత కాగితం పట్టీ ముంచి, మందు లేదని తేలాకే రోజూ లారీలోకి ఎక్కించుకుంటాడు. ఈ రోజు ఒక పట్టీ ముంచాడు. తల అడ్డంగా ఊపాడు. ఇంకోటి ముంచాడు. గొట్టం చుట్టేసుకుని, యజమానితో "పాలు బాగానే ఉన్నాయి సార్, మందుల షాపులో అమ్ముకోవచ్చు" అనేసి వెళ్ళిపోయాడు. యజమాని నవ్వలేదు. నాకు నవ్వు వచ్చింది. తర్వాత ఆగిపోయింది.

పశువైద్య కళాశాల ఇంటర్వ్యూలో అడగొచ్చు కాబట్టి ఇక్కడి పద్ధతి రాసి పెట్టుకుంటున్నాను. పొదుగువాపు వచ్చిన ఆవుకి డాక్టర్ గారు చనుమొనలోకి మందు ఎక్కిస్తారు. వెంటనే ఆ ఆవు వెనక కాళ్ళ మీద నీలిరంగు కొడతారు. కాళ్ళ మీద నీలం ఉంటే పాలు బకెట్లోకి, లేకపోతే ట్యాంకులోకి. పితికేవాళ్ళు ఇంకేమీ గుర్తుపెట్టుకోరు. గుర్తుపెట్టుకోకూడదు కూడా. "బుర్రని నమ్మకు, కాళ్ళని చూడు" అంటాడు సూపర్‌వైజరు.

సూపర్‌వైజరు అంటే సూపర్‌వైజరు కాదు. పాలు పితికే మిషన్లు తగిలించే పెద్దాయన. ఎవరూ ఇవ్వని పదవిని సొంతంగా పుచ్చుకుని అందరి పనిలోనూ తప్పులు పడతాడు కాబట్టి ఆ పేరు. నన్ను మొదటిరోజు నుంచీ "డాక్టరమ్మా" అంటున్నాడు. గౌరవంతో కాదు. నేను బాబాయ్ అంటాను. అదీ గౌరవంతో కాదు.

నిన్న ఉదయం ఐదు ఆవులకి మందు పడింది. రంగు కొట్టింది ఆయనే. ఈ రోజు చూస్తే నాలుగింటికే ఉంది. యజమాని అడిగాడు.

"నలభై ఏడుకి రంగు కొట్టావా?"

"కొట్టాననే అనుకుంటున్నా సార్."

"కొట్టావా, అనుకుంటున్నావా?"

"కొట్టా... అనుకుంటున్నా."

సాక్షి తడబడ్డాడు.

ఇక నా సంగతి. నిన్న మధ్యాహ్నం నేను నలభై ఏడుని కడిగాను. దానికీ దీనికీ సంబంధం ఉందని ఇంతవరకు ఎవరూ అనలేదు. ఆ నీలిరంగు గురించి నాకు ఎవరూ సరిగ్గా చెప్పనూ లేదు.

ఫిబ్రవరి 10, మంగళవారం

ఆవుని ఎందుకు కడగాల్సి వచ్చిందో నిష్పక్షపాతంగా రాస్తాను.

పశువైద్య కళాశాల దరఖాస్తులో ఒక ఫోటో పెట్టొచ్చు. తప్పనిసరి కాదు. "పశువులతో మీరు" అని ఉంది. నేను మా అక్క ఇంట్లో ఉంటున్నాను, వాళ్ళ ఇంట్లో చిన్న గదిలో. ఆ గదిలో బావ వ్యాయామం సైకిల్ కూడా ఉంటుంది. నేనూ ఆ సైకిలూ, మా ఇద్దరిలో ఎవరం ఎక్కువ ఖాళీగా ఉన్నామో చెప్పడం కష్టం. ఫోటో సంగతి అక్కతో చెప్పాను.

"నువ్వు చిన్నప్పుడు పక్కింటి కుక్కని చూసి గోడెక్కావే" అంది అక్క.

"కుక్క వేరు, ఆవు వేరు."

"అవునవును. ఆవుకి గోడ ఎక్కడం రాదు."

బావ మాత్రం సరదా పడ్డాడు. ఆయనకి ఫోటోల పిచ్చి ఉంది, కారు పిచ్చి అంతకు మించి ఉంది. ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం షెడ్డుకి వెళ్ళాం. అందరూ భోజనాలకి వెళ్ళారు. నలభై ఏడుని ఎంచుకున్నాం, ఎందుకంటే తన్నదు. బావ రెండు ఫోటోలు తీసి చూపించాడు.

"మరదలా, ఇందులో నువ్వు బాగానే ఉన్నావు. ఆవే బాగాలేదు. ఆ పేడ చూడు. కాళ్ళకి ఆ నీలమేంటి, ఎవరైనా గోడకి వెయ్యబోయి దీనికి వేశారా?"

నీళ్ళూ సబ్బూ పెట్టి రుద్దాను. పేడ పోయింది. నీలం పోలేదు. బావ కారు డిక్కీలోంచి ఆయన ప్రాణంగా చూసుకునే నురగ ద్రవం తెచ్చాడు. కారుకి తారు అంటుకుంటే పోగొట్టేది. "చుక్క చాలు" అన్నాడు, తన రక్తం ఇస్తున్నట్టు. చుక్క చాలలేదు. అర సీసా అయ్యాక కాళ్ళు తెల్లగా వచ్చాయి. ఆవు మొహంలో ఏ భావమూ లేదు. బావ "కాస్త నవ్వమను" అన్నాడు. నన్నా, దాన్నా అని అడిగాను.

ఫోటో బాగా వచ్చింది. ఆ ఫోటోలో నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆవుల మధ్యే పెరిగినట్టు ఉంటాను.

ఫిబ్రవరి 11, బుధవారం

ఎవరూ ఏమీ అడగలేదు.

ఫిబ్రవరి 12, గురువారం

సూపర్‌వైజరుని మిషన్ల దగ్గర్నుంచి తప్పించి దూడల షెడ్డుకి మార్చారు. దూడల షెడ్డులో పని చేసేది నేను. న్యాయం గుడ్డిదంటారు. దానికి హాస్యం మాత్రం బాగా తెలుసు.

ఆయన వచ్చీరాగానే నా చీపురు పట్టుకునే తీరు తప్పన్నాడు. దూడకి పాల సీసా పట్టే ఎత్తు తప్పన్నాడు. నా గంబూట్లు కుడిది ఎడమకి వేసుకున్నానన్నాడు. చూసుకున్నాను. నిజమే. ఆ రకంగా మధ్యాహ్నం దాకా మామూలుగానే ఉన్నాడు.

తర్వాత దొడ్డి గేటు గొళ్ళెం వేసి, నాలుగడుగులు వేసి, వెనక్కి వెళ్ళి మళ్ళీ చూశాడు. మళ్ళీ నాలుగడుగులు వేశాడు.

"డాక్టరమ్మా, నేను గొళ్ళెం వేశానా?"

"వేశారు బాబాయ్. రెండుసార్లు."

"నువ్వు చూశావా?"

"చూశాను."

"అయితే సరే" అన్నాడు. అయినా మూడోసారి వెళ్ళి చూశాడు.

ఈయన తనని తాను అనుమానించుకోవడం నేను ఇంతవరకు చూడలేదు. మనిషికి కొంచెం వినయం రావడం మంచిదే అని రాద్దామనుకున్నాను. రాశాను కూడా. చదువుకుంటే బాగాలేదు. ఉండనీ.

ఫిబ్రవరి 13, శుక్రవారం

ఈ రోజు నా పనిలో ఒక్క తప్పు కూడా పట్టలేదు. గంబూట్లు కావాలనే తిరగేసి వేసుకుని వెళ్ళాను. చూశాడు, ఊరుకున్నాడు.

ఫిబ్రవరి 14, శనివారం

బావ ఫోన్‌లో స్థలం నిండిపోయిందట, ఏవో అనవసరమైనవి తీసెయ్యమని నాకిచ్చాడు. అనవసరమైనవి తీసేశాను. కారు ఫోటోలు ఒకే కోణంలో పధ్నాలుగు ఉన్నాయి, పదమూడు తీసేశాను. నలభై ఏడో నంబరు ఆవువి నాలుగు ఉన్నాయి. కడగకముందువి రెండు, కడిగాకవి రెండు. ముందువి రెండూ తీసేశాను. అవి బాగాలేవు, వెలుతురు లేదు. తీసేసినవి ఫోన్‌లో ఇంకో చోట కొన్నాళ్ళు ఉంటాయని విన్నాను. అక్కడ కూడా ఖాళీ చేశాను. ఏదైనా పని మొదలుపెడితే శుభ్రంగా పూర్తి చెయ్యాలి.

మొదటి రెండు ఫోటోల్లో ఆవు కాళ్ళ మీద నీలం స్పష్టంగా కనిపించేది. ఆ సంగతి సందర్భవశాత్తు గమనించాను.

ఫిబ్రవరి 16, సోమవారం

డాక్టర్ గారు దూడలకి సూదులు వెయ్యడానికి వచ్చారు. ఆవిడ తక్కువ మాట్లాడతారు. మాట్లాడినప్పుడు ఇంకా తక్కువ మాట్లాడి ఉంటే బాగుండుననిపిస్తుంది. దూడల్ని నేను పట్టుకున్నాను, సూపర్‌వైజరు సీసాలు అందించాడు. ప్రతి సీసా మీద పేరు పైకి చదివి, మళ్ళీ చదివి, అప్పుడు ఇచ్చాడు.

పని అయ్యాక ఆవిడ చేతులు కడుక్కుంటుంటే పక్కకి వెళ్ళి నిలబడ్డాడు.

"మేడమ్, మతిమరుపుకి మందు ఉంటుందా?"

"ఏ ఆవుకి?"

"ఆవుకి కాదు మేడమ్."

"నేను పశువుల డాక్టర్ని."

"తెలుసు మేడమ్. మనుషుల డాక్టరు దగ్గరికి వెళ్తే ఇంట్లో తెలిసిపోతుంది."

ఆవిడ తువ్వాలు కోసం చూస్తున్నట్టు నటించారు. తువ్వాలు ఆవిడ భుజం మీదే ఉంది. "ఎందుకలా అనుకుంటున్నావు? ఒక్కసారి మర్చిపోయినంత మాత్రాన..." అన్నారు.

"మా అన్నకి కూడా ఒక్కసారితోనే మొదలైంది. మొదట తాళాలు. తర్వాత ఇంటి దారి. ఆఖర్న నన్ను చూసి, ఈయనెవరో మంచాయనలా ఉన్నాడు, కూర్చోబెట్టండి అన్నాడు." చేతిలో సీసా పెట్టెలో పెట్టి, "మంచాయన అన్నాడు చూడండి, అప్పుడే తెలిసింది పూర్తిగా పోయిందని" అన్నాడు.

తన జోకుకి తనే నవ్వాడు. డాక్టర్ గారూ నవ్వారు. నేను దూడ చెవి పట్టుకుని ఉన్నాను. అది ఎందుకో గింజుకుంది. చూస్తే చెవిని నులిమేస్తున్నాను.

దొంగకి తేలు కుట్టినట్టు అంటారు. తేలు మీద జాలిపడే సామెత ఏదీ లేదు.

ఫిబ్రవరి 17, మంగళవారం

పనిలోకి వెళ్ళలేదు. జ్వరం అని చెప్పాను. అక్క నుదురు మీద చెయ్యి పెట్టి చూసి, "జ్వరం నీ మాటలో ఉంది, ఒంట్లో లేదు" అంది.

ఫిబ్రవరి 18, బుధవారం

రెండు కబుర్లు.

ఒకటి. కళాశాల నుంచి పిలుపు వచ్చింది. ఇంటర్వ్యూ ఇరవై ఏడు, శుక్రవారం, ఉదయం పదింటికి. దగ్గరుండి పని చూసిన పశువైద్యులు ఇచ్చే లేఖ ఆ రోజు చేతిలో ఉండాలి. లేకపోతే రానక్కర్లేదు. ముప్పై నాలుగేళ్ళ వయసు వరకే తీసుకుంటారు. నాకు ముప్పై నాలుగు.

డాక్టర్ గారితో చెప్పాను. "రాస్తాను. పొగడను. చూసింది రాస్తాను" అన్నారు. చూసింది అంటే జనవరిలో ఒక ఆవు కడుపులో దూడ అడ్డం తిరిగినప్పటి సంగతి అయి ఉంటుంది. చెయ్యి మోచేతి దాకా లోపల పెట్టి ముందు కాళ్ళు దొరకబుచ్చుకుని లాగాను, ఆవిడ పక్కనుంచి చెప్తుంటే. దూడ కింద పడింది. కదల్లేదు. ముక్కులో గడ్డిపోచ పెట్టమన్నారు. పెట్టాను. తుమ్మింది. పదకొండేళ్ళలో నేను రాసిన ఏ వార్తా తుమ్మలేదు. ఈ చదువు ఎందుకు అని అడిగితే ఇదే చెప్పాలి. మిగతా తయారుచేసుకున్న జవాబులన్నీ కొట్టేశాను.

రెండు. సూపర్‌వైజరుని మార్చి ఒకటి నుంచి రావొద్దన్నారు. యజమాని చెడ్డవాడేమీ కాదు. "ఈ వయసులో నీకెందుకయ్యా ఈ కష్టం, ఇంట్లో కూర్చో" అని మెత్తగా చెప్పాడట. ఆ మాట నాకు చెప్పింది సూపర్‌వైజరే. "రావొద్దంటే పోట్లాడేవాణ్ణి. కూర్చో అన్నాడు. ఇంకేం పోట్లాడను" అన్నాడు.

రెండు కబుర్లకీ సంబంధం లేదు. వరుసగా వచ్చాయి, అంతే.

ఫిబ్రవరి 19, గురువారం

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని చెప్తారు. నేను భుజాలు తడుముకోకుండా పది రోజులు ఉండగలిగాను. దరఖాస్తులో "ప్రత్యేక నైపుణ్యాలు" అనే గడి ఒకటి ఖాళీగా వదిలేసి పంపాను.

ఫిబ్రవరి 20, శుక్రవారం

తప్పుల సవరణ. పత్రికలో ఇది ఆరో పేజీలో, కింద మూల, అద్దాలు పెట్టుకుంటే కనిపించేంత అక్షరాల్లో వేసేవాళ్ళం.

తొమ్మిదో తేదీన, నీలిరంగు గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేదని రాశాను. చెప్పారు. పనిలో చేరిన రోజే సూపర్‌వైజరు చెప్పాడు. మర్చిపోతానేమోనని నా చేత తిరిగి చెప్పించుకున్నాడు.

పదో తేదీన, నీలాన్ని పేడలాంటి మురికి అనుకుని కడిగినట్టు అర్థం వచ్చేలా రాశాను. ఆ అర్థం తప్పు. రుద్దుతున్నప్పుడే అదేంటో తెలుసు. బావ "నీలమేంటి" అంటే "ఏదో గుర్తులే" అన్నాను. ఫోటో అయ్యాక మళ్ళీ కొట్టేద్దాంలే అనుకున్నాను. రంగు డబ్బా ఎక్కడుంటుందో కూడా తెలుసు. ఫోటో అయింది. బావ ఎండగా ఉందన్నాడు. ఐస్‌క్రీం తిన్నాం. ఇంటికొచ్చాం.

మర్చిపోయాను.

ఆయన కాదు మర్చిపోయింది. నేను. ముప్పై నాలుగేళ్ళ బుర్ర, ఏ జబ్బూ లేనిది.

ఫిబ్రవరి 21, శనివారం

చెప్పాను.

ఉదయం పితకడం అయ్యాక యజమాని గదికి వెళ్ళాను. డాక్టర్ గారు అక్కడే ఉన్నారు. సూపర్‌వైజరుని కూడా పిలవమన్నాను. ముగ్గురి ముందూ చెప్పాను. విశేషణాలు లేకుండా, జరిగింది జరిగినట్టు: ఫోటో, కారు ద్రవం, మళ్ళీ కొట్టడం మర్చిపోవడం. నా జీవితంలో ఇంత శుభ్రమైన వార్త రాయలేదు.

ఎవరూ నమ్మలేదు.

యజమాని కుర్చీలో వెనక్కి వాలి నన్ను ఆప్యాయంగా చూశాడు. "చూడమ్మా, దూడల దగ్గర కలిసి పని చేస్తున్నారు, జాలేసింది. నాకూ వేసింది. కానీ నింద నువ్వు మొయ్యడం ఏం న్యాయం? నీకు ముందు ముందు బోలెడు జీవితం ఉంది."

"జాలి కాదు సార్. జరిగింది చెప్తున్నాను."

"ఆ ఫోటోలు ఉన్నాయా మరి? కడగకముందువి?"

"తీసేశాను."

ఆయన చిన్నగా నవ్వాడు. ఆధారాలు లేని వార్త తెచ్చిన కుర్రాళ్ళని చూసి మా ఎడిటరు ఇలాగే నవ్వేవాడు.

అయినా సూపర్‌వైజరు సంతోషిస్తాడనుకున్నాను. కనీసం తిడతాడనుకున్నాను. తిట్టాడు. కానీ తిట్టాల్సిన దానికి కాదు.

"సార్, ఈ అమ్మాయి అబద్ధం చెప్తోంది. నేను కొట్టిన రంగు కడిగితే పోవడమేంటి? ఇరవై ఏళ్ళుగా కొడుతున్నా. వానకి పోలేదు, సబ్బుకి పోలేదు, పేడలో నెల నానినా పోలేదు. నా రంగు పోదు."

"బాబాయ్, పోయింది. నేను పోగొట్టాను."

"నువ్వు నీ బూట్లే సరిగ్గా వేసుకోలేవు, నా రంగు పోగొడతావా?"

అంతే. మతిమరుపు వచ్చిందంటే తల వంచుకున్న మనిషి, రంగు పోయిందంటే ఛాతీ విరుచుకున్నాడు. తన బుర్ర చెడిపోయిందని ఒప్పుకుంటాడట. తన పనితనం చెడిందంటే ఒప్పుకోడట. ఇద్దరం ఒకే నేరం నాది కాదు నీది అని కాకుండా, నాదంటే నాదని కొట్లాడాం. పదకొండేళ్ళ కోర్టు అనుభవంలో ఇలాంటి కేసు చూడలేదు.

డాక్టర్ గారు సంచి సర్దుకుని వెళ్ళిపోయారు.

ఫిబ్రవరి 22, ఆదివారం

డాక్టర్ గారు లేఖ రాసి చదవమని ఇచ్చారు, సంతకం ఇంకా పెట్టలేదు. పొగడనన్న మనిషి. అందులో ఒక వాక్యం: "తోటి పనివారి కష్టాన్ని తనదిగా భావించే గుణం ఈమెలో ప్రత్యక్షంగా చూశాను."

ఇంత మంచి లేఖ ఎవరికీ వచ్చి ఉండదు. తప్పు చేస్తే మామూలు లేఖ, దాచిపెడితే మంచి లేఖ, ఒప్పుకుంటే ఇంకా మంచి లేఖ. నాకు తెలియని నాలుగో మెట్టు ఏదైనా ఉంటే బంగారు పతకం ఇస్తారేమో.

"ఈ వాక్యం తీసెయ్యండి మేడమ్" అన్నాను.

"ఎందుకు?"

"అబద్ధం కాబట్టి."

ఆవిడ కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "నువ్వు నిన్న చెప్పింది నిజమైతే ఈ వాక్యం ఒక్కటే కాదు, లేఖ మొత్తం పోతుంది. గుర్తు చెరిపేసిన మనిషిని డాక్టరు చెయ్యమని నేను రాయను. అది తెలిసే మాట్లాడుతున్నావా?"

"తెలిసే."

"నిజమని నాకు ఎలా తెలియాలి? మీ బావ చెప్తే సరిపోదు, ఆయన నీ మనిషి."

ఆ ప్రశ్న నేను ఎంతమందిని అడిగానో.

ఫిబ్రవరి 23, సోమవారం

ఇంట్లో చెప్పాను. బావ మొదట సీసా సగమైనందుకు మళ్ళీ బాధపడ్డాడు. తర్వాత అసలు సంగతి అర్థమైంది. ఆయన మొహంలో వేళాకోళం పోవడం అక్క పెళ్ళయ్యాక నేను ఇదే మొదటిసారి చూడటం.

"అంటే, ఆ పెద్దాయన ఉద్యోగం నా కారు ద్రవంతో పోయిందా?"

"నా వల్ల పోయింది బావా."

"నువ్వు ఊరుకో. ఆ ఫోటోలు నా ఫోన్‌లో నువ్వు తీసేశావు. నన్నడక్కుండా." ఫోన్ తెరిచి చూశాడు. "ఇందుకా ఆ రోజు అంత శ్రద్ధగా సర్దిపెట్టావు. నా కారు ఫోటోలు కూడా పదమూడు పోగొట్టావు, తోడుకి."

అక్క వంటగదిలోంచి వచ్చి నిలబడింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటుందనుకున్నాను. ఆ సామెత దానికి ఇష్టం. అనలేదు.

"ఆ ద్రవం ఇంకా అర సీసా ఉందా?" అంది.

"ఉంది."

"ఆవులు ఉన్నాయా?"

"తొంభై ఉన్నాయి."

"మరి ఇంట్లో కూర్చుని ఏడుస్తావేమే?"

నేను ఏడవడం లేదు. ఆ మాట ఇక్కడ నమోదు చేస్తున్నాను.

సాయంత్రం దూడల షెడ్డులో సూపర్‌వైజరు బకెట్లు బోర్లిస్తున్నాడు. చెప్పాను. మళ్ళీ ఆవుకి మీరే రంగు కొట్టండి, నేను కడుగుతాను, అందరూ చూస్తారు. రంగు పోకపోతే నేను అబద్ధాలకోరుని. పోతే మీ బుర్ర బాగున్నట్టు.

"పోదు" అన్నాడు.

"పోకపోతే మీరే గెలుస్తారు కదా. మరి భయమెందుకు?"

"భయమా? నాకా?" బకెట్ బోర్లించి, దాని మీద కూర్చున్నాడు. దూడ ఒకటి వచ్చి ఆయన చొక్కా కొస నమలడం మొదలుపెట్టింది. లాక్కోలేదు.

"ఒప్పుకున్నా అనుకో. ఆశ పెట్టుకుంటా. రేపు పోకపోతే? ఇప్పుడైతే బుర్ర పోయిందని ఒకసారి అనుకున్నా, సర్దుకుంటున్నా. మళ్ళీ రెండోసారి నా వల్ల కాదే అమ్మా."

మొదటిసారి డాక్టరమ్మా అనలేదు.

"పోతుంది బాబాయ్. నాకు తెలుసు. అర సీసా పట్టింది."

"అర సీసానా?" తల ఎత్తాడు. "అంత పట్టిందా?"

"చేతులు నొప్పెట్టాయి. బావ రుద్దాడు కూడా."

"మరి అలా చెప్పవే. నేనింకా ఏదో రెండు చుక్కలకి పోయిందంటున్నావనుకున్నా." లేచి, చొక్కా దూడ నోట్లోంచి లాక్కున్నాడు. "ఏమో, రేపు రెండు పూతలు కొడతా. నీ ఇష్టమొచ్చినట్టు రుద్దుకో."

గేటు గొళ్ళెం వేసి వెళ్ళిపోయాడు. వెనక్కి రాలేదు. నేను వెళ్ళి చూశాను. వేసే ఉంది.

ఫిబ్రవరి 24, మంగళవారం

ఈ రోజే చేద్దామనుకున్నాం. యజమాని వేరే ఊరెళ్ళాడు. ఆయన లేకుండా చేస్తే లెక్కలోకి రాదన్నారు డాక్టర్ గారు. సరైన మాటే. ఫోన్ చేసి చెప్పాను. "నీ మొండితనం ఏంటమ్మా" అన్నాడు. కానీ వస్తానన్నాడు. రంగు పోయే సంగతి నిజమైతే పద్ధతి మార్చాలి, రంగుతో పాటు కాలికి పట్టీ కూడా కట్టాలి, అది తన ట్యాంకు సమస్య. జాలి కన్నా ట్యాంకు బలమైన కారణం.

లేఖ డాక్టర్ గారి సంచిలో ఉంది, సంతకం లేకుండా. రేపటి పని చూశాక సంతకం పెడతారు, లేదా చింపేస్తారు. రంగు పోకపోతే నాకు లేఖ వస్తుంది, ఇంటర్వ్యూ ఉంటుంది, ఈ డైరీలో రాసినదంతా మా ఇల్లు దాటి ఎవరూ నమ్మరు. రంగు పోతే లేఖ పోతుంది. వచ్చే ఏడాదికి నాకు ముప్పై అయిదు.

రాత్రి అక్క నా గదిలోకి వచ్చి వ్యాయామం సైకిల్ మీద కూర్చుంది, తొక్కకుండా. "పోవాలని ఉందా, పోకూడదని ఉందా?" అని అడిగింది. రంగు గురించే. పోవాలని ఉందన్నాను. సమాధానం చెప్పడానికి కొంత సమయం తీసుకున్నాను. ఆ సమయం అక్క చూసింది. దీపం ఆర్పేసి వెళ్ళింది. మళ్ళీ వేసుకుని రాస్తున్నాను.

రేపటి కార్యక్రమం:

ఉదయం పితకడం అయ్యాక పన్నెండో నంబరు ఆవుకి డాక్టర్ గారు మందు ఎక్కిస్తారు. దానికి నిజంగానే పొదుగువాపు. సూపర్‌వైజరు రెండు పూతలు కొడతాడు, అందరి ముందూ. ఆరేదాకా ఎవరూ ముట్టుకోరు. ఈసారి ముందు ఫోటో డాక్టర్ గారి ఫోన్‌లో.

మధ్యాహ్నం రెండింటికి బావ మిగిలిన అర సీసా తెస్తాడు. ఆఫీసుకి సెలవు పెట్టాడు. కడిగేది నేనొక్కదాన్నే.

సాయంత్రం నాలుగున్నరకి పితకడం మొదలు. ఆలోపు పన్నెండో నంబరు ఆవుకి మళ్ళీ నీలం కొట్టాలి.